నాకూ వస్తదా బిడ్డా?

*ఆశా కార్యకర్త కాగితంలో ముప్పును లెక్కగట్టే ప్రశ్నలు ఆరు. ఊళ్లో అందరి మనసులో ఉన్నది మాత్రం ఏడో ప్రశ్న. క్యాన్సర్ గురించి పేపర్లలో, ఫోన్లలో వచ్చి పడుతున్న అంకెలు మన ఇంటికి ఏం చెబుతున్నాయో నల్లగొండ జిల్లా కట్టంగూర్‌లో ఒక అరుగు మీద కూర్చుని చూద్దాం.*

పొద్దున ఎనిమిది కాలేదు. హైవే మీది లారీల మోత కట్టంగూర్ ఇళ్ల మధ్యదాకా వినిపిస్తోంది. పత్తి ఏరే కూలీలను ఎక్కించుకునే ఆటో ఇంకా రాలేదు. ఆ కాస్త సందులోనే ఆశా కార్యకర్త వచ్చి అరుగు మీద కూర్చుంది. చేతిలో కొలిచే టేపు, ఒళ్లో కాగితాల కట్ట. ఎదురుగా యాభై రెండేళ్ల ఆమె, సద్ది మూట చంకన పెట్టుకుని నిలబడే జవాబులు చెబుతోంది.

"యాభై దాటినయి. మూడు" అనుకుంటూ ఆశా గడిలో అంకె వేసింది. "తంబాకు వెట్టుకుంటవా పెద్దమ్మా?"

"పండ్లకు రాసుకుంట. పొద్దున లేవంగనే రాయకపోతే తల తిరుగుతది."

"రోజూనా?"

"రోజు."

రెండు. కల్లు రోజూ తాగదు, పండక్కో పబ్బానికో. సున్నా. నడుము చుట్టూ టేపు వేస్తే 84 సెంటీమీటర్లు. ఒకటి. రోజంతా చేన్లో వంగి పనిచేసే మనిషిని వ్యాయామం చేస్తున్నావా అని అడగడానికి ఆశాకే మొహమాటమైంది. సున్నా. ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండెజబ్బు? లేవు. మళ్లీ సున్నా.

"మొత్తం ఆరొచ్చింది పెద్దమ్మా. నాలుగు దాటింది గదా, దవాఖానకొచ్చి పరీక్ష చేయించుకోవాలె."

ఆమె ముఖం వాడిపోయింది. "ఆరంటే... ఆరు నెలలా బిడ్డా?"

ఆశా కంగారుపడి, కాదు కాదంటూ కూర్చోబెట్టింది. మంచినీళ్లు తాగాక ఆమె అసలు మాట బయటపెట్టింది. "మా అక్క రొమ్ముల గడ్డతోని పోయింది. నాకూ వస్తదా బిడ్డా?"

ఆశా కాగితాన్ని పైనుంచి కిందికి చూసింది. కుటుంబం గురించి అడిగే గడిలో బీపీ, షుగరు, గుండె మాత్రమే ఉన్నాయి. అక్కకొచ్చిన గడ్డను రాయడానికి చోటు లేదు. కాసేపు ఆగి, కాగితం అంచున ఖాళీలో నీలి పెన్నుతో రెండు మాటలు రాసుకుంది: "అక్క – రొమ్ము".

ఆ ఆరు దేనికి?

ఆ కాగితాన్ని ప్రభుత్వ భాషలో సీబాక్ ఫారం అంటారు. దేశమంతటా ముప్ఫై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి కోసం ఆశాలు నింపే పత్రం ఇది. వయసు, పొగాకు, మద్యం, నడుము చుట్టుకొలత, శరీర శ్రమ, కుటుంబంలో జబ్బులు, వీటికి మార్కులుంటాయి. నాలుగు దాటితే ఆ మనిషిని ముందుగా పరీక్షకు పిలవాలి. అంతే. బీపీ, షుగరు, క్యాన్సర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులన్నిటినీ కలిపి, ఎవరిని ముందు చూడాలో తేల్చుకునే వరస అది. క్యాన్సర్ ఎంత దగ్గర్లో ఉందో చెప్పే కొలత కాదు. ఆరు నెలలూ కాదు, నూటికి ఆరూ కాదు.

ఈ మాట ఆశాకు తెలుసు. పెద్దమ్మకు తెలియదు. ఆరోగ్య శాఖ చేతిలోని అంకెకూ, మనిషి గుండెలో పడే అంకెకూ మధ్య ఇంత దూరం ఉంది. అక్కడ భయం పుడుతుంది. భయపడ్డ మనిషి దవాఖాన వైపు నడవడు, దాన్ని తప్పించుకుని తిరుగుతాడు.

తొమ్మిది మందిలో ఒకరు

2025లో దేశంలోని 43 క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కలు ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో అచ్చయ్యాయి. భారతీయుల్లో జీవితకాలంలో క్యాన్సర్ వచ్చే ముప్పు 11 శాతమని, రొమ్ము క్యాన్సర్ రేటులో హైదరాబాద్ దేశంలోనే ముందుందని తేలింది. ఏడాదికి లక్షమంది మహిళలకు 54 కేసులు. ఆ రోజు నుంచి ఈ అంకెలు వాట్సాప్‌లో తిరుగుతూనే ఉన్నాయి. కొన్నిచోట్ల "తెలంగాణలో ఇంటికొకరికి" అనేదాకా సాగదీశారు.

లక్షకు 54 అంటే ఆ ఏడాది మిగతా 99,946 మందికి రాలేదని. వాళ్లంతా క్షేమమని నేను అనడం లేదు. అంకెకు రెండు ముఖాలుంటాయి, మనకు ఒకటే చూపిస్తున్నారని అంటున్నాను. పైగా అది హైదరాబాద్ లెక్క. ఆలస్యంగా కాన్పులు, తక్కువమంది పిల్లలు, తక్కువ కాలం చనుబాలు, పెరిగిన బరువు రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతాయి. ఇవి పట్నంలో ఎక్కువ. పట్నానికి సుమారు వంద కిలోమీటర్లే అయినా, పద్దెనిమిదేళ్లకు పెళ్లయి ఇద్దరు ముగ్గురు పిల్లలకు రెండేళ్ల చొప్పున పాలిచ్చిన కట్టంగూర్ తల్లికి ఆ 54ను ఉన్నదున్నట్టు అంటగట్టలేం. అదే సమయంలో, నోటి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల దగ్గరికి వచ్చేసరికి పల్లె తల్లి పట్నం తల్లి కంటే క్షేమం అనుకోవడానికీ లేదు.

> అంకెలు ఇలా చదవండి
>
> జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదిక ప్రకారం 74 ఏళ్లు నిండేలోపు ఏదో ఒక క్యాన్సర్ వచ్చే ముప్పు ప్రతి 9 మంది భారతీయుల్లో ఒకరికి ఉంది. మహిళల్లో రొమ్ము క్యాన్సర్ 29 మందిలో ఒకరికి. మగవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 68 మందిలో ఒకరికి.
>
> ఇవి పుట్టిన నాటి నుంచి 74 ఏళ్లదాకా కూడిన లెక్కలు. "ఈ ఏడాది మా ఇంట్లో" అని చదవకూడదు.
>
> ఇవి దేశం సగటు. పొగాకు ముట్టని వాళ్లనూ, రోజూ నమిలే వాళ్లనూ ఒకే సంచిలో పోసి తీసిన అంకెలు.

మన మాటల్లోనే ఉంది చిక్కు

క్యాన్సర్ ముప్పును తెలుగులో చెప్పబోతే మాటే అడ్డం వస్తుంది. "ప్రమాదం" అంటే జరిగిపోయిన యాక్సిడెంట్ గుర్తొస్తుంది. "క్యాన్సర్ వచ్చే అవకాశం" అంటాం. అవకాశమంటే మంచి జరిగే వీలు, దాన్ని పోగొట్టుకోకూడదని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం. "ముప్పు" అంటే తలమీదికి వచ్చేసిందన్న ధ్వని. పాతకాలం వాళ్లు "రాచపుండు" అన్నారు, ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ పేరు కూడా పలకరు. "పెద్ద రోగం" అని గొంతు తగ్గిస్తారు. పేరే చెప్పని జబ్బుకు లెక్క ఎలా చెబుతాం?

అయితే ముప్పు అంటే ఏమిటో కట్టంగూర్‌కు తెలియనిది కాదు. ఊరి పక్కనే హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి, ఇప్పుడు 65, ఒకప్పుడు 9. దాన్ని దాటిన ప్రతివాడికీ దెబ్బ తగలదు. హెల్మెట్ పెట్టుకున్న ప్రతివాడూ బతుకుతాడని రాసివ్వలేం. అయినా పిల్లవాడు బండి తాళం తీసుకుంటే తల్లి "హెల్మెట్ వెట్టుకో, చీకట్ల పోకు, తాగి నడపకు" అని మూడు మాటలు అంటుంది. రోజుకు ఒకసారి దాటేవాడికీ ఇరవైసార్లు దాటేవాడికీ తేడా ఆమెకు తెలుసు. "రాసిపెట్టుంటే పోతాడు" అని ఊరుకోదు. రోడ్డు విషయంలో ఇంత తెలివిగా ఉన్న మనం క్యాన్సర్ దగ్గర మాత్రం "వచ్చేదుంటే వస్తది" అని ఎందుకు చేతులు ముడుచుకుంటాం? రోడ్డు కళ్లకు కనబడుతుంది. ఇరవై ఏళ్లు చెంపలో పెట్టుకున్న తంబాకు ఒక్కో రోజు ఒక్కో చుక్క చేసే పని కనబడదు. తేడా అంతే.

ఇరవై తొమ్మిది మంది కూర్చుంటే

పెద్దమ్మ ప్రశ్నకు వద్దాం. అక్కకు రొమ్ము క్యాన్సర్ వస్తే చెల్లెలికి ముప్పు "రెండింతలు" అంటారు. తల్లి, అక్కచెల్లెళ్లు, కూతురు, వీళ్లలో ఒకరికి వచ్చినవాళ్ల ముప్పు మామూలు వాళ్లతో పోలిస్తే సుమారు రెండింతలన్నది అధ్యయనాల్లో పదేపదే తేలిన సంగతే. కానీ రెండింతలు అన్న మాట వినగానే పెద్దమ్మకు సగానికి సగం వచ్చేసినట్టే అనిపిస్తుంది.

మహిళా సంఘం మీటింగులో చాప మీద 29 మంది కూర్చున్నారనుకోండి. దేశం సగటు ప్రకారం 74 ఏళ్లదాకా బతికే దారిలో వాళ్లలో ఒకరికి రొమ్ము క్యాన్సర్ రావచ్చు. ఇప్పుడు ఆ చాప మీద అక్కకో తల్లికో వచ్చినవాళ్లే 29 మంది కూర్చున్నారనుకోండి. ఒకరికి బదులు ఇద్దరికి రావచ్చు. మిగతా 27 మందికి రాదు. రెండింతలు అన్నదీ నిజమే, 29లో 27 మందికి రాదన్నదీ నిజమే. ఆ ఇద్దరూ ఎవరో ముందుగా తెలియదు కాబట్టే 29 మందీ గడ్డ విషయంలో కాస్త ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. అరుగు మీద పెద్దమ్మకు ఇవ్వాల్సిన జవాబు ఇదే. డాక్టర్ కూడా ఇంతకంటే ఖచ్చితంగా చెప్పలేరు.

నిజంగా వంశంలో దిగే క్యాన్సర్లు నూటికి ఐదు నుంచి పది మాత్రమే. ఇంట్లో యాభై లోపే వచ్చిందా, ఒకే వైపు బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి వచ్చిందా, రొమ్ముతోపాటు అండాశయానిదీ ఉందా, మగవాళ్లలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా, ఇవి ఉంటే డాక్టర్‌ను జన్యు పరీక్ష గురించి అడగాలి. హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ 2013లో తనకు 87 శాతం ముప్పు ఉందని చెప్పి రొమ్ములు తీయించుకున్నప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఆమెకు ఉన్నది అరుదైన జన్యు మార్పు. ఆ అంకె అందరిదీ కాదు.

రొమ్ము క్యాన్సర్ ముప్పు చెబుతామంటూ ఇంటర్నెట్‌లో దొరికే లెక్కల యంత్రాల మీదా ఓ మాట. వాటిలో పేరున్న గెయిల్ పద్ధతి 1989లో అమెరికాలో, ఎక్కువగా తెల్లజాతి మహిళల వివరాలతో తయారైంది. నల్లగొండ జిల్లా మహిళ వివరాలు అందులో వేస్తే వచ్చే శాతాన్ని పట్టుకుని నిద్ర పోగొట్టుకోవద్దు.

నీళ్ల భయం, ప్యాకెట్ ధైర్యం

ఈ జిల్లాలో క్యాన్సర్ మాటెత్తితే ముందు నీళ్ల గురించే అడుగుతారు. అడగాలి కూడా. ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను వంచి తరాలను మంచాన పడేసిన నేల ఇది. ఆ గాయం ఉన్న ఊరు నీటిని అనుమానించకుండా ఎలా ఉంటుంది? అయితే తాగునీటి ఫ్లోరైడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మూడో వర్గంలోనే ఉంచింది. అంటే క్యాన్సర్ తెస్తుందని చెప్పడానికి ఆధారాలు చాలవని. ఫ్లోరోసిస్ వేరే జబ్బు, దాని మీద పోరాటం దాని దారిలో సాగాల్సిందే.

పత్తికి కొట్టే మందుల సంగతీ అడుగుతారు. అదే సంస్థ 2015లో గడ్డిమందు గ్లైఫోసేట్‌ను "క్యాన్సర్ తేవచ్చు" అనదగ్గ వర్గంలో చేర్చింది. ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగు లేకుండా పిచికారీ చేయకూడదన్న దాంట్లో రెండో మాట లేదు. కానీ ఈ జాబితాలతో ఒక పెద్ద గందరగోళం ఉంది. ఒక వస్తువు క్యాన్సర్ తేగలదా లేదా అన్నదే జాబితా చెబుతుంది. ఎంతమందికి తెస్తుందో చెప్పదు. పొగాకు, సారా, వక్క, డబ్బాల్లో నిల్వచేసి అమ్మే మాంసం, అన్నీ మొదటి వర్గంలోనే ఉన్నాయి. పామూ తేలూ రెండూ కుడతాయని చెప్పినట్టు. ఏది ఎంత విషమో వేరే అడిగి తెలుసుకోవాలి. పొగ తాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు తాగనివాళ్లతో పోలిస్తే పదిహేను నుంచి ముప్ఫై రెట్లు. మన రోజువారీ బతుకులో ఇంకే అలవాటూ దీని దరిదాపుల్లోకి రాదు.

హైవే పక్క పాన్‌డబ్బాల ముందు కాసేపు నిలబడి చూడండి. తోరణాల్లా వేలాడే ప్యాకెట్లు. గుట్కా మీద నిషేధం ఉంది కాబట్టి వక్కపొడి ఒక ప్యాకెట్, పొగాకు ఇంకో ప్యాకెట్, రెండూ అరచేతిలో కలుపుకుంటారు. పుండుపడ్డ నోటి బొమ్మ 2016 నుంచి పొగాకు ప్యాకెట్ ముఖంలో 85 శాతం ఆక్రమించింది. ఆ బొమ్మ మీదే బొటనవేలు పెట్టి చింపుతున్న కుర్రాడిని, నోరు ఎంత తెరుచుకుంటుందో చూపించమన్నాను. రెండు వేళ్లు పట్టాయి. మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. "కారం తింటే మండుతది అన్నా, ఎండకేమో" అన్నాడు. నీళ్లను అనుమానించిన ఊరే ఈ మంటను ఎండ ఖాతాలో వేస్తోంది. నా మనసుకు అన్నిటికంటే కష్టం కలిగించింది ఇదే. పొగాకు లేకుండా ఒట్టి వక్క కూడా క్యాన్సర్ కారకమేనని 2004లోనే తేల్చారు. ఆ సంగతి ఎవరూ ఆ కుర్రాడికి చెప్పలేదు.

> శ్రీకాకుళం అడ్డపొగ నేర్పిన పాఠం
>
> చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం ఉత్తరాంధ్ర ఆడవాళ్లలో పాత అలవాటు. 1960ల చివర్లో పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లె జనం నోళ్లు పరీక్షించి చూశారు. మిగతా చోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్‌కూ ఈ అడ్డపొగకూ ఉన్న లంకె బలంగా బయటపడింది. ముప్పు ఊరి పేరును బట్టి రాలేదు, అలవాటును బట్టి వచ్చింది.

టార్చిలైటు చేసిన మేలు

ఎవరి ముప్పు ఎంతో తెలిస్తే ఏం లాభం అంటారా? కేరళలోని తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి వెలుతురులో నోరు చూశారు. ఏళ్ల తరబడి సాగిన ఆ అధ్యయనం ఫలితాలు 2005లో వచ్చాయి. పొగాకో మద్యమో అలవాటున్న వాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గాయి. ఏ అలవాటూ లేనివాళ్లలో అంత తేడా కనిపించలేదు. ఎవరికి ముప్పు ఎక్కువో వాళ్ల నోట్లోకి ముందు చూడమని ఇంతకంటే తేటగా ఏ లెక్కా చెప్పదు. ముంబయి బస్తీల్లో లక్షన్నర మంది మహిళల మీద జరిగిన ఇంకో అధ్యయనంలో, గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్‌లాంటి పలుచని ఆమ్లం పూసి కంటితో చూసే చవక పరీక్షతోనే ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి.

మరి మనం చూపించుకుంటున్నామా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్న ముప్ఫై నుంచి నలభై తొమ్మిదేళ్ల మహిళలు దేశంలో 1.9 శాతం. రొమ్ము 0.9, నోరు 0.9. వందమందిలో ఇద్దరు కూడా లేరు.

కారణాలు తెలియనివి కావు. ఒకరోజు కూలీ పోతుంది. మగ డాక్టర్ ఉంటే సిగ్గు. "ఉందని తేలితే ఇల్లు కూలుతది" అన్న భయం అన్నిటికంటే పెద్దది. పరీక్షకు పిలిస్తే జబ్బు ఉన్నట్టే అనుకుంటారు. గర్భాశయ ముఖద్వార పరీక్షలో తెల్లమచ్చ కనబడ్డా చాలామందిలో అది క్యాన్సర్ కాదు, ఇన్ఫెక్షనో, ముందుగా కనిపెట్టి తీసేయగలిగే చిన్న మార్పో అవుతుంది. ఈ మాట పరీక్షకు ముందే చెప్పాలి. తర్వాత చెబితే నమ్మరు.

మగవాళ్ల సంగతి మరీ అన్యాయం. ఆశా వచ్చేవేళకు ఇంట్లో ఉండరు. ఉన్నా భార్యతో చెప్పిస్తారు. రోజుకు రెండు కట్టల బీడీలు "ఎప్పుడో ఒకటి" అయి కాగితమెక్కుతాయి. మార్కు తగ్గుతుంది, ముప్పు తగ్గదు.

చెప్పకుండా చేస్తే ఏమవుతుంది?

ఖమ్మం జిల్లా ఇందుకు సాక్ష్యం. 2009 జులైలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి అక్కడ సుమారు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలుపెట్టాయి. చాలామంది హాస్టళ్లలో చదివే గిరిజన బాలికలు. తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిన పత్రాలు తర్వాత బయటపడ్డాయి. కొందరు బాలికల మరణాలతో గొడవ రేగి 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. విచారణ కమిటీకి ఆ మరణాలకూ టీకాకూ సంబంధం కనిపించలేదు. అనుమతి తీసుకున్న తీరు మాత్రం తప్పని తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ప్రపంచమంతా లక్షలాది ఆడపిల్లలను కాపాడుతున్న టీకా మీద మన దగ్గర అనుమానం నీడ పడింది. తల్లి పక్కన కూర్చుని పావుగంట చెప్పి ఉంటే ఆ నీడ ఇంత పొడుగయ్యేది కాదని నా నమ్మకం.

> రెండు వారాలు దాటితే ఆగొద్దు
>
> నోట్లో మానని పుండు, తెల్ల లేదా ఎర్ర మచ్చ, నోరు సరిగా తెరుచుకోకపోవడం. గొంతు మారడం. తగ్గని దగ్గు, కఫంలో రక్తం.
>
> ఆడవాళ్లలో: రొమ్ములో నొప్పిలేని గడ్డ, ఆకారంలో మార్పు, చనుమొన నుంచి రక్తం. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనబడటం, ముట్టుకూ ముట్టుకూ మధ్య లేదా భర్తతో కలిశాక రక్తస్రావం, దుర్వాసనతో తెల్లబట్ట. వీటిలో రక్తం కనబడితే రెండు వారాలు కూడా చూడొద్దు.
>
> పొగాకు మానడానికి ఉచిత ఫోన్ సలహా: 1800-11-2356. మానిన పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు, తాగుతూనే ఉన్నవాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి దిగుతుంది.

కాగితం అంచున

సీబాక్ కాగితంలో "మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా, ఎన్నేళ్లకు?" అన్న ఒక్క ప్రశ్న చేర్చాలి. మార్కు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, అడగాలి. ఆశాలకు అంకె రాయడంతోపాటు ఆ అంకెను ఇంటి భాషలో చెప్పే శిక్షణ ఇవ్వాలి. ఇంటికి ఇంకో పావుగంట పడుతుంది, దానికి తగ్గ పారితోషికమూ ఇవ్వాలి.

ఖర్చు భయంతో ఆగేవాళ్లకు ఒక మాట. ముప్ఫై దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. జబ్బు తేలితే క్యాన్సర్ చికిత్స ఆరోగ్యశ్రీ కిందికి వస్తుంది. ఆ పథకం 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్ నుంచి దాని పరిమితి పది లక్షలు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి కట్టంగూర్ నుంచి ఒక పూట ప్రయాణం.

ఆ పొద్దున ఆటో వచ్చి హారన్ కొట్టింది. పెద్దమ్మ లేచింది. "మంగళారం వస్త బిడ్డా, నువ్వుంటవు గదా?" అని రెండుసార్లు అడిగి, ఆశా ఉంటానన్నాకే ఎక్కింది.

మీ ఇంటికీ ఆ కాగితం వస్తుంది. పొగాకు, మందు గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అడగకపోయినా ఇంట్లో ఎవరికి, ఏ అవయవానికి, ఎన్నేళ్ల వయసులో క్యాన్సర్ వచ్చిందో చెప్పి, కాగితం అంచునైనా సరే రాయించండి. మార్కు చెప్పాక "అంటే ఏంది?" అని అడగండి. అర్థమయ్యేదాకా అడగండి.